అమ్మ నడుము, టేపు, కొత్త కారు

మా అమ్మ ముప్పై ఏళ్లు తిరుపతి బైరాగిపట్టెడలో జాకెట్లు కుట్టింది. మిషన్ మీదికి వంగి వంగి నడుము పోయింది. నడుము కింది భాగంలో ఎల్4, ఎల్5 అనే వెన్నుపూసల మధ్య మెత్తటి దిండులా ఉండే డిస్కు పక్కకు జరిగి నరాన్ని నొక్కుతోందని ఎమ్మారై తీసి చెప్పారు. ఆపరేషన్ అవసరం లేదు, జాగ్రత్తగా ఉంటే చాలన్నారు.

పోయిన సంవత్సరం వినాయక చవితి తర్వాత కాణిపాకం వెళ్లాం. అప్పటికి మాది పాత సెడాన్. గుడి దగ్గర ఆగాక అమ్మ సీట్లోంచి లేవలేకపోయింది. నేనో చెయ్యి, మా ఆయనో చెయ్యి పట్టి లేపాం. "ఇంకెప్పుడూ రాను పాపా, మీకెందుకు శ్రమ" అంది. ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంటూనే ఉంది. కారు మార్చాలని అప్పుడే అనుకున్నాను.

షోరూముల్లో అందరూ టచ్‌స్క్రీన్, సన్‌రూఫ్ గురించే చెప్పారు. నేను అమ్మ కుట్టు టేపు తీసుకెళ్లి నేల నుంచి సీటు ఎంత ఎత్తులో ఉందో కొలిచాను. ఇంట్లో అమ్మ ఎవరి సాయం లేకుండా కూర్చుని లేచే మంచం 21 అంగుళాలు. మా సెడాన్ సీటు దానికంటే కిందికి ఉంది, అంటే ప్రతిసారీ గుంతలోకి దిగి పైకి ఎక్కినట్టే. అలాగని పెద్ద ఎస్‌యూవీ తీసుకుంటే మంచిదా అంటే, అదీ కాదు. ఒకదాంట్లో అమ్మ ఒక కాలు పైన పెట్టి, పైన హ్యాండిల్ పట్టుకుని, నడుము మెలితిప్పి ఎక్కాల్సి వచ్చింది. డిస్కు నొప్పి ఉన్నవాళ్లకు ఆ మెలిక ప్రమాదమని ఫిజియోథెరపీ చేసే అమ్మాయి చెప్పింది. నిలబడినవాళ్లు వెనక్కి ఒరిగితే సీటు తగలాలి, కూర్చున్నాక పాదాలు నేలకు ఆనాలి. మాకు కావలసింది ఆ ఎత్తు.

ఇంకో సంగతి టెస్ట్ డ్రైవ్. ఒక షోరూమ్ అబ్బాయి నున్నటి బైపాస్ మీద తిప్పి తీసుకొచ్చాడు. దాని మీద ఏ కారైనా పల్లకీలాగే ఉంటుంది. మా వీధిలోకి, ఆ రెండు స్పీడ్ బ్రేకర్ల మీదికి రమ్మంటే ఒప్పుకోలేదు. నేను ఆ షోరూమ్ వదిలేశాను. అమ్మను రోజూ కూర్చునే చోట కూర్చోబెట్టకుండా, రోజూ పోయే దారిలో నడపకుండా కొనకండి, దయచేసి. ఇద్దరే కూర్చుంటే ఏడు సీట్ల బండి వెనక స్ప్రింగులు బిర్రుగా ఉంటాయి, కుదుపు ఎక్కువ. అందుకే మా తమ్ముణ్ణి, మరదలిని కూడా ఎక్కించుకుని మళ్లీ నడిపాం.

చివరికి మూడు వరసల, ఏడు సీట్ల మారుతి ఎర్టిగా తీసుకున్నాం. మధ్య వరస సీటు ముందుకూ వెనక్కూ జరుగుతుంది, వీపు వెనక్కి వాలుతుంది. చాలా చిన్న కార్లలో వెనక సీటు వీపు కదలదు. అదీకాక మధ్య వరస ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ నడుమ ఉంటుంది, కాబట్టి కుదుపు తక్కువ. వెనక చక్రాల మీదుండే మూడో వరసలో నడుము నొప్పి ఉన్నవాళ్లను ఎప్పుడూ కూర్చోబెట్టకూడదు. దీని టైరు 185/65 ఆర్15. ఆ 65 అంటే టైరు వెడల్పులో 65 శాతం ఎత్తున పక్క రబ్బరు ఉందని. పెద్ద రిమ్ముకు పక్క రబ్బరు తక్కువున్న టైరు వేస్తే చూడటానికి బాగుంటుంది కానీ గుంత దెబ్బ నేరుగా నడుముకే తగులుతుంది. గాలి కూడా డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కర్‌లో రాసినంతే పెట్టించాలి. ఒకసారి బంకులో అడక్కుండానే ఎక్కువ కొట్టారు, అమ్మ ఇంటికి రాకముందే కనిపెట్టేసింది.

కారు ఒక్కటే చాలదు. ముందు వెనక్కి తిరిగి కూర్చోవడం, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోవడం అమ్మకు వారం రోజులు అలవాటు చేయించాం. నడుము వంపు దగ్గర చుట్టిన తువ్వాలు పెడతాం. మళ్లీ కాణిపాకం వెళ్లినప్పుడు చంద్రగిరి దాటాక ఒకసారి, పూతలపట్టు దగ్గర ఒకసారి ఆగి, ఐదేసి నిమిషాలు నడిపించాం.

ఇక తిరుమల మిగిలింది. కొండ ఎక్కేది 1974లో వేసిన రెండో ఘాట్ రోడ్డు, దిగేది 1944 నాటి పాత ఘాట్ రోడ్డు. ఆ దిగే మలుపుల్లో నడుము అటూ ఇటూ ఊగుతుందని నాకు టెన్షన్‌గానే ఉంది. అమ్మకు మాత్రం లేదు. కాళ్లు తిప్పుకునేటప్పుడు చీర సీటు గుడ్డకు పట్టేస్తోందని, ఎవరో కస్టమర్ వదిలేసిన పట్టు జాకెట్ ముక్కలు అతికి, జారేలా ఒక సీటు కవరు కుట్టుకుంది. కూర్చుని కాదు, నిలబడి చేత్తోనే, రోజూ కొంచెం కొంచెంగా. "శనివారం వద్దు, రష్‌గా ఉంటుంది, బుధవారం పోదాం" అంటోంది.