తెల్లబోయిన టీపాయ్

మొత్తానికి నా టేకు టీపాయ్ పాలిష్ నిన్నటితో పూర్తయింది. అటుగా వెళ్లిన ప్రతివాళ్లూ పలకను ఒకసారి తడిమి మరీ వెళ్తున్నారు. కాస్త గర్వంగానే ఉంది, దాచుకోను.

కోత, అతుకులు సాఫీగా అయిపోయాయి. సాండ్ పేపర్ 120, 180, 220 నంబర్ల వరసలో చారల వెంబడే రుద్దాలి. ఫోన్ టార్చ్‌ని పక్కవాటుగా వేసి చూస్తే మిగిలిన గీతలు దొరికిపోతాయి. ఆపైన చెక్క రంధ్రాలు పూడ్చే సాండింగ్ సీలర్ రెండు కోట్లు, మధ్యలో 320 పేపర్‌తో పైపైన రుద్దడం. ఇంతవరకూ టెన్షన్ లేదు.

అసలు బాధ ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) క్లియర్ లాకర్‌తో, అంటే పైన వేసే పారదర్శకమైన పూతతో మొదలైంది. మాది విశాఖ వన్ టౌన్. అటు సముద్రం, ఇటు పోర్టు. వాన వెలిసిన సాయంత్రం మొదటి కోటు వేసి ఇటు తిరిగేలోపు పలకంతా పాలు ఒలికినట్టు తెల్లటి పొర. తెల్లారినా పోలేదు. మా బావమరిది వచ్చి "ఏంటి బావా, సున్నం కొట్టావా?" అన్నాడు. మా ఆవిడ నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది.

సరుకు కొన్న షాపుకే వెళ్లాను. కౌంటర్లో కుర్రాడు ఫోటో చూడకుండానే "చెక్క పచ్చిది సార్" అన్నాడు. ఏళ్లుగా ఆరిన చెక్క అది! ఓనరైతే నలుగురి ముందూ "ఫోన్లో చూసి చేసే పనులు కావండీ ఇవి, మేస్త్రీకి ఇచ్చేయండి" అన్నాడు. పక్కనున్న పెయింటర్లు కూడా నవ్వారు. లాకర్‌ని పలచన చేసే థిన్నర్ మార్చి ఇమ్మంటే, ఏదైనా ఒకటేనని అదే ఇంకో డబ్బా అంటగట్టాడు. దాంతోనూ అదే తెలుపు.

చివరికి కంచరపాలెంలో ఒక ముసలి పాలిష్ మేస్త్రీ చెప్పాడు. థిన్నర్ గబగబా ఆవిరైతే పలక చల్లబడుతుంది, గాలిలో తేమ దాని మీద చేరుతుంది, లాకర్ ఆరిపోయి ఆ తడిని లోపలే పట్టేస్తుంది. "నెమ్మదిగా ఆవిరయ్యే రిటార్డర్ థిన్నర్ అని అడుగు బాబూ. ముసురు పట్టిన రోజు డబ్బా మూత తియ్యకు."

మెత్తటి గుడ్డను రిటార్డర్‌లో కొద్దిగా తడిపి పైపైన ఒక్కసారి పోనిచ్చాను. అంచు నుంచి తెలుపు తగ్గుతూ, టేకు చారలు ఒక్కొక్కటే పైకి తేలాయి. అరగదీస్తే మాత్రం లాకర్ ఊడొస్తుంది, జాగ్రత్త.

ఊళ్లో ఇన్నేళ్లుగా రంగులమ్మే మనిషికి ఈ సముద్రగాలి సంగతి తెలియదంటే నమ్మను. ఎదుటివాణ్ణి చూసి నవ్వే తీరిక ఉంది గానీ, ఒక్క డబ్బా పేరు చెప్పడానికి నోరు రాలేదు.

మిగతా కోట్లకు రిటార్డర్ కొంచెం కలిపి, ఎండ కాసిన రోజు మధ్యాహ్నం లోపలి గదిలోనే వేశాను. బాల్కనీలో వేస్తే పోర్టు నల్లదుమ్ము అంటుకుంటుంది. ఫ్యాను వద్దు, కిటికీ తీసే ఉంచాలి, పొయ్యి, దీపం ఏవీ వెలగకూడదు. ఎన్‌సీ వేడి గిన్నెలకు ఆగదు. డైనింగ్ టేబుల్‌కైతే పీయూ (పాలీయురెథేన్) పూత వేయించుకోండి.

ఆ షాపు థిన్నర్ ఇంకా అర డబ్బా ఉంది. బ్రష్షులు కడగడానికి బాగానే పనికొస్తోంది.