జీతం లేని మూడు రోజులు

మార్చి నెల, గురువారం

కాలిఫోర్నియాలో మా స్కూల్ డిస్ట్రిక్ట్ (ఈ ప్రాంతపు ప్రభుత్వ పాఠశాలలను నడిపే స్థానిక సంస్థ) సహాయక సిబ్బంది సంఘం ఓటింగు ఫలితం ఈ మధ్యాహ్నం తెలిసింది. వచ్చే విద్యాసంవత్సరంలో కొన్ని రోజులు జీతం వదులుకోవడానికి మేమూ ఒప్పుకున్నాం. ఉపాధ్యాయులకు మూడు రోజులు, డిస్ట్రిక్ట్ అధిపతి అయిన సూపరింటెండెంటుకూ ప్రిన్సిపాళ్లకూ ఐదు రోజులు, ప్రత్యేక విద్య తరగతిలో పనిచేసే నాలాంటి సహాయకులకూ బస్సు డ్రైవర్లకూ వంటగది సిబ్బందికీ ఒక రోజు. ఉపాధ్యాయులకు ఒక్కో రోజు అంటే ఏడాది జీతంలో సుమారు అర శాతం.

కాలిఫోర్నియాలో రాష్ట్రం పాఠశాలలకు ఇచ్చే నిధులు పిల్లల సగటు హాజరును బట్టి ఉంటాయి. ఇంటి అద్దెలు భరించలేక కుటుంబాలు తరలిపోతుంటే మా తరగతుల్లో పిల్లలు తగ్గుతున్నారు, వారితోపాటే నిధులూ తగ్గుతున్నాయి. కోవిడ్ కాలపు కేంద్ర సహాయానికి 2024 సెప్టెంబరుతో గడువు తీరింది. 1978లో ఓటర్లు ఆమోదించిన 13వ ప్రతిపాదన ఆస్తి పన్నుకు పరిమితి పెట్టింది కనుక డిస్ట్రిక్ట్ ఆ పన్నును తనంతట తాను పెంచుకోలేదు. ఖర్చులో అత్యధిక భాగం జీతభత్యాలే కాబట్టి కాగితాలూ కరెంటూ ఎంత పొదుపు చేసినా లోటు పూడదు.

మిగిలిన దారి ఉద్యోగాల కోత. రాష్ట్ర చట్టం ప్రకారం, వచ్చే ఏడాది ఉద్యోగం ఉండకపోవచ్చని తెలిపే నోటీసు మార్చి 15లోగా చేతికివ్వాలి. 2022 నుంచి మా సహాయక సిబ్బందికీ అదే గడువు వర్తిస్తోంది. ఉపాధ్యాయుల్లో చివర చేరినవారే ముందు వెళ్లాలి కనుక ఆ నోటీసులు ఎక్కువగా చిన్న వయసువారికే వస్తాయి. మా పక్క గదిలో రెండో ఏడాది పనిచేస్తున్న అమ్మాయి, మాటలు రాని ఒక బాబుకు బొమ్మల కార్డులతో మంచినీళ్లు అడగడం నేర్పింది. ఆమె వెళ్లిపోతే ఆ బాబు మరొకరి దగ్గర మొదటి నుంచి మొదలుపెట్టవలసి వచ్చేది.

ఈ ఒప్పందం కుదరడానికి కారణం లెక్కలు దాచకపోవడమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. డిస్ట్రిక్ట్ ఆర్థికాధికారి మూడేళ్ల అంచనాలను సంఘాల ముందు పరిచి, అడిగిన ప్రతి పద్దుకూ జవాబు చెప్పారు. పైఅధికారులు తమ జీతం కోతను మాకంటే ముందే ప్రకటించారు. పదవీ విరమణకు దగ్గరపడిన ఒక సీనియర్ ఉపాధ్యాయురాలు, తన పింఛను లెక్కకు నష్టం రావచ్చని తెలిసి కూడా, ఆ నోటీసులన్నీ వెనక్కి తీసుకుంటామని రాసిస్తే తన ఓటు జీతం కోతకే వేస్తానని సమావేశంలో చెప్పారు. డిస్ట్రిక్ట్ వాళ్లు అలాగే రాసిచ్చారు. అందరికీ ఒకే శాతం అని ఉంటే మాత్రం నేను వ్యతిరేకంగా ఓటు వేసేదాన్ని; గంటల లెక్కన జీతం తీసుకునే వంటమనిషికీ సూపరింటెండెంటుకూ ఒకే శాతం ఒకే బరువు కాదు.

రాత్రి కరీంనగర్‌లో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలైన మా వదినతో మాట్లాడినప్పుడు ఇదంతా చెప్పాను. ఆమెకు 2020 మార్చి గుర్తుకొచ్చింది. అప్పుడు తెలంగాణ ప్రభుత్వం ప్రజాప్రతినిధులకు 75 శాతం, ఐఏఎస్ అధికారులకు 60, మిగతా ఉద్యోగులకు 50, నాలుగో తరగతి సిబ్బందికి 10 శాతం జీతం ఆపింది. ఆపిన సొమ్మును తరువాత వాయిదాల్లో చెల్లించారు. "పైవాళ్లకు ఎక్కువ పట్టుకున్నరు, అది న్యాయమే. కానీ మమ్మల్ని ఒక్క మాట అడగలేదు వదినా" అన్నది. అడిగితే వాళ్లూ ఒప్పుకునేవారేనని నాకనిపించింది. ఇక్కడ సంఘంతో బేరమాడకుండా జీతం తగ్గించే వీలు లేదు కనుక అడగక తప్పలేదు.

ఒప్పందంలో నాకు అన్నిటికంటే విలువైన షరతు ఆఖరి పేజీలో ఉంది. రాష్ట్రం నుంచి అనుకున్నదానికంటే ఎక్కువ నిధులు వస్తే మరే ఖర్చుకూ తాకకుండా ముందుగా ఈ రోజుల జీతాన్నే తిరిగి ఇవ్వాలి. గవర్నరు మే నెల మధ్యలో సవరించిన బడ్జెట్‌ను ప్రకటిస్తారు. ఆ అంకెలు రాగానే ఆర్థికాధికారితో మళ్లీ కూర్చోవడానికి సంఘం ఒక చిన్న బృందాన్ని వేసింది, అందులో నా పేరూ ఇచ్చాను.