గార్నెట్ లోపలా, బయటా

ఆల్ప్స్ పర్వతాల్లో ఇటలీ వైపు డోరా మైరా అనే చోటు ఉంది. నేను పీహెచ్‌డీ తర్వాతి పరిశోధనకి (పోస్ట్‌డాక్) స్విట్జర్లాండ్ వచ్చిన కొత్తలో, రాళ్ళ వయసు కొలిచే మా గ్రూపులో రోజూ వినిపించిన పేరు అదే. 1984లో క్రిస్టియన్ షోపాన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త అక్కడి రాళ్ళలోని గార్నెట్ అనే ఖనిజం లోపల కోయిసైట్ చూశాడు. విపరీతమైన ఒత్తిడి పడితే తప్ప మామూలు ఇసుకలో ఉండే క్వార్ట్జ్ కోయిసైట్‌గా మారదు. అంటే ఆ రాయి వంద కిలోమీటర్ల దాకా లోతుకి దిగి, మళ్ళీ పైకి వచ్చిందన్నమాట. పైగా అది సముద్రపు నేల కాదు, ఖండం అంచు.

ఎప్పుడు దిగింది అన్న దగ్గర పెద్ద చిక్కే వచ్చింది. అభ్రకంలో పొటాషియం నెమ్మదిగా ఆర్గాన్ వాయువుగా మారుతుంది, దాన్ని కొలిస్తే దాదాపు 10 కోట్ల ఏళ్ళు తేలింది. జిర్కాన్ అనే ఖనిజంలో యురేనియం అలాగే సీసంగా మారుతుంది, 1990లలో ఆ రెండూ కొలిస్తే 3.5 కోట్ల ఏళ్ళే వచ్చింది. అభ్రకంలో అదనంగా ఇరుక్కుపోయిన ఆర్గాన్ వయసును పెంచి చూపించింది. ఈ తేడాతో ఆల్ప్స్ కథే మారిపోయింది. స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ దగ్గరి పాత సముద్రపు నేల లోతుకి దిగింది సుమారు 4.4 కోట్ల ఏళ్ళ క్రితం. డోరా మైరాకి 10 కోట్లు అనుకుంటే ఖండం ముందు మునిగి, సముద్రం తర్వాత మునిగినట్టు అవుతుంది. 3.5 కోట్లు అయితే వరస కుదురుతుంది: ముందు సముద్రపు నేల, దాని బరువుకి వెనకాలే ఖండం అంచు.

2001లో డానియేలా రుబాట్టో, యోర్గ్ హెర్మన్ అనే శాస్త్రవేత్తలు ఇంకో అడుగు వేశారు. డోరా మైరా రాళ్ళలో టైటనైట్ అనే ఖనిజం వేర్వేరు లోతుల్లో, వేర్వేరు సార్లు పెరిగింది. బాగా లోతున పెరిగినదానికి 3.51 కోట్ల ఏళ్ళు, 35 కిలోమీటర్ల లోతున పెరిగినదానికి 3.29 కోట్ల ఏళ్ళు వచ్చాయి. అంటే ఏడాదికి 3 సెంటీమీటర్లకి పైగా పైకి వచ్చింది. భూపలకలు కిందికి దిగే వేగం కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. ఆ పేపర్ చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

రాయి వయసు అనగానే మెషిన్‌లో పెడితే నంబరు వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. నా పనిలో మెషిన్ దగ్గర కూర్చునేది చాలా తక్కువ. రాయిని పొడి చేసి, జల్లెడ పట్టి, బరువైన ద్రవంలో వేస్తే తేలిక ఖనిజాలు పైకి తేలతాయి, వయసు కొలవడానికి పనికొచ్చే జిర్కాన్, మోనజైట్ అనే బరువైన ఖనిజాలు అడుక్కి చేరతాయి. ఆ తర్వాత అంతా కళ్ళతోనే. గాజు గిన్నెలో ఆల్కహాల్ పోసి, మైక్రోస్కోప్ కింద సన్నటి సూదితో ఒక్కో గింజనీ పక్కకి జరపాలి. గింజ పొడవు మిల్లీమీటరులో పదో వంతు. వాటిని రెసిన్‌లో బిగించి సగానికి అరగదీసి, ఎలక్ట్రాన్ కిరణం కింద పెడితే లోపలి పొరలు కనిపిస్తాయి. మధ్యలో చారలతో పాత భాగం, చుట్టూ బూడిదరంగు అంచు. మధ్యభాగం ఏ పాత గ్రానైట్‌లోనో పుట్టి ఇసుకలో కొట్టుకొచ్చింది. అంచు మాత్రం ఈ రాయి వేడికి, ఒత్తిడికి రూపాంతరం చెందేటప్పుడు పెరిగింది. నాకు కావాల్సింది అదే. ఆ అంచు మందం ఒక్కోసారి 15 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), వయసు కొలవడానికి లేజర్ గింజలో వేసే గుంట వెడల్పు 30. సగం ఇటూ సగం అటూ పడితే వచ్చే వయసు ఏ సంఘటనదీ కాదు. నంబరు చూడ్డానికి మాత్రం శుభ్రంగానే ఉంటుంది. నాకు ఎప్పుడూ టెన్షన్ అదే.

మెషిన్ నాకు ఎక్కువగా రాత్రిళ్ళే దొరికేది. చలికాలంలో ఇక్కడ ఒకటిన్నర అయితే విశాఖలో ఆరు. అమ్మ పాలు పొయ్యి మీద పెట్టి ఫోన్ చేసేది. "ఇంకా పడుకోలేదేంట్రా? ఆ రాళ్ళు ఎక్కడికి పోతాయి, పొద్దున్న చూసుకోవచ్చు కదా" అనేది. స్లాట్ పోతే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలీదు. నాది రెండేళ్ళ కాంట్రాక్టు, రెసిడెన్స్ పర్మిట్ కూడా దానితోనే ముడిపడి ఉంది. అమ్మకి అదంతా చెప్పేవాణ్ణి కాదు, "అయిపోవచ్చిందమ్మా" అనేవాణ్ణి.

ఇక్కడ నేను ఎక్కువ నేర్చుకున్నది ప్రొఫెసర్ల దగ్గర కాదు. మా భవనం కింది అంతస్తులో రిటైర్మెంట్‌కి దగ్గరపడిన ఒక టెక్నీషియన్ ఉండేవాడు. రాయిని కోసి, గాజుపలకకి అతికించి, 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీయడం అతని పని. మధ్యమధ్యలో ఆపి మైక్రోస్కోప్ కింద క్వార్ట్జ్ రంగు చూసేవాడు. పసుపు కనిపిస్తే ఇంకా మందంగా ఉన్నట్టు, లేత బూడిదరంగుకి వస్తే చాలు. అతను "ఈ రాయి ఇటు కోయకూడదు, పొరలు ఎటున్నాయో చూడు" అంటే ప్రొఫెసర్ కూడా మారుమాట లేకుండా ఒప్పుకునేవాడు. మన దగ్గర ఇలాంటి పని చేసేవాళ్ళని కూర్చోమని కూడా అనకపోవడం నేను చూశాను. అది మారాలని గట్టిగా కోరుకుంటాను, ఎందుకంటే తర్వాత చెప్పే వయసులన్నీ ఆ చేతిపని మీదే నిలబడతాయి.

అలా అరగదీసిన రాతిపొరలోనే మోనజైట్ ఎక్కడ కూర్చుందో తెలుస్తుంది. గార్నెట్ యిట్రియం అనే మూలకాన్ని బాగా లాక్కుంటుంది. అందుకే గార్నెట్‌తో పాటు పెరిగిన మోనజైట్‌లో యిట్రియం తక్కువ. గార్నెట్ కరిగిపోయేటప్పుడు ఆ యిట్రియం బయటికి వస్తుంది, అప్పుడు పెరిగిన మోనజైట్‌లో ఎక్కువ ఉంటుంది. కాబట్టి ఒక వయసు రాయి దిగేటప్పటిదా, పైకి వచ్చేటప్పటిదా అని చెప్పొచ్చు. రాయిని మొత్తంగా పొడి కొట్టేస్తే ఆ ఆచూకీ పోతుంది.

నేను చదువుకున్న విశాఖ కొండల్లో ఎక్కువగా ఉన్నది ఖొండలైట్ అనే రూపాంతర శిల. దాంట్లో గార్నెట్, సిల్లిమనైట్, గ్రాఫైట్ అనే ఖనిజాలుంటాయి. భీమిలి తీరంలో కనిపించే నల్ల ఇసుకలో జిర్కాన్, మోనజైట్ ఈ కొండల నుంచి వచ్చినవే. వీటి రూపాంతరం 90 నుంచి 100 కోట్ల ఏళ్ళ నాటిది. తూర్పు అంటార్కిటికాలోని రేనర్ ప్రాంతం రాళ్ళదీ అదే వయసు, అప్పుడు ఆ రెండూ ఒకే పర్వత శ్రేణి. డోరా మైరాతో పోలిస్తే మన తూర్పు కనుమల తీరే వేరు. అరకు, పాడేరు, అనకాపల్లి చుట్టుపక్కల రాళ్ళు 900 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి చూశాయి, ఆ వేడి కోట్ల ఏళ్ళు నిలిచింది. డోరా మైరాలో అంత వేడెక్కకుండా దిగి లక్షల ఏళ్ళలోనే పైకి తేలిన రాయి, మన దగ్గర కోట్ల ఏళ్ళు లోపలే ఉడికిన రాయి. పర్వతాలన్నీ ఒకే పద్ధతిలో పుట్టవని నాకు నమ్మకం కలిగింది ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాకే.

మొన్న విశాఖలో నేను చదివిన డిపార్ట్‌మెంట్ కుర్రాడొకడు మెసేజ్ పెట్టాడు: "అన్నా, మా దగ్గర లేజర్ లేదు కదా, ఏం చెయ్యమంటారు?" ఢిల్లీలో ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో రాళ్ళ వయసు కొలిచే నేషనల్ జియోక్రోనాలజీ ఫెసిలిటీ ఉంది, అప్లికేషన్ పెట్టుకోవచ్చని రాశాను. దానికంటే ముందు చేయాల్సిన పని కూడా చెప్పాను. పాడేరు రోడ్డు పక్కన మంచి ఖొండలైట్ చూసుకుని, పొరలకి అడ్డంగా కోయించి, మోనజైట్ గార్నెట్ లోపల ఉందో బయట ఉందో గుర్తులు పెట్టి ఫోటోలు పంపమన్నాను. ఏ గింజకి వయసు కట్టాలో అవి చూశాక ఇద్దరం కలిసి తేల్చుకుంటాం.