పూత తగ్గాక రమ్మన్నారట

పెద్దదాని జ్ఞానదంతాలు తీయడం మళ్ళీ వాయిదా పడింది. "నోటిపూత తగ్గాక రండి" అని పంపేశారట. నిద్ర పట్టట్లేదు. ఎక్కడి పూత, ఎందుకొచ్చిన పూత అని చూడకుండా అందరికీ ఒకటే మాటా?

వాట్సాప్‌లో ఫొటోలు పంపింది. పెదవి లోపల రెండు చిన్న పుండ్లు, మధ్యలో పసుపు పొర, చుట్టూ ఎర్రటి అంచు. మామూలు పూతే, వారం నుంచి రెండు వారాల్లో దానంతటదే మానుతుంది. కుడిబుగ్గ లోపలిది మాత్రం వేరు. పొడుగ్గా ఉంది, అంచు తెల్లగా మందం కట్టింది, సరిగ్గా పైదవడ జ్ఞానదంతానికి ఎదురుగా. ఆ పన్ను బుగ్గవైపు వాలి మొలిచింది, నమిలినప్పుడల్లా ఒరుసుకుంటోంది. పన్ను తీస్తే మానే పుండు అది. అది మానాక పన్ను తీద్దామంటే ఎప్పటికి తెమిలేది?

పైగా హాస్టల్లో అందరూ "వేడి చేసింది, బీకాంప్లెక్స్ వేసుకో" అనేవాళ్ళే. ఐరన్, బి12, ఫోలేట్ తక్కువైతే మాటిమాటికీ నోరు పూసే మాట నిజమే. అది రక్తపరీక్షలో తేలాలి గానీ ఊహించి మింగడం దేనికి?

అమ్మమ్మ పచ్చికొబ్బరి నమలమనేది, పడుకునే ముందు పుండు మీద నెయ్యి రాసేది. మానుతుందో లేదో గానీ కాస్త మంట తగ్గేది, హాని లేదు. పెదమామయ్య ఒకసారి పంటినొప్పికి ఆస్పిరిన్ బిళ్ళ చిగురుకీ బుగ్గకీ మధ్య పెట్టుకుని పడుకున్నాడు. తెల్లారేసరికి అక్కడంతా తెల్లగా ఉడికి పొరలుగా ఊడొచ్చింది. ఆస్పిరిన్ మింగితేనే మందు, అక్కడ పెడితే ఆమ్లం కదా, కాలుస్తుంది. చల్లారిన గంజి పోస్తూ అమ్మమ్మ తిట్టిన తిట్లు మా ఇంట్లో పండక్కి పండక్కీ చెప్పుకుంటాం. లవంగనూనె కూడా నేరుగా పుండు మీద పోస్తే అంతే, పెద్దదానికి గట్టిగా చెప్పాలి.

ఇంత రాశాక ఫొటోలు మళ్ళీ చూశాను. కింది పన్ను మీద మూతలా ఉన్న చిగురు వాచింది. నోరు రెండు వేళ్ళ సందు కూడా తెరుచుకోవట్లేదట. కింది పన్నంటే మత్తుసూది దవడ చివర లోతుగా వెయ్యాలి, చిగురు కొయ్యాలి, ఎముక కొంచెం తొలవాలి, అంతసేపూ బుగ్గ లాగి పట్టాలి. చీము, వాపు ఉన్నచోట మత్తు సరిగ్గా ఎక్కకపోవచ్చు. కాబట్టి కిందివాటికి ఆగమనడం సబబే. పైది మాత్రం నోరు కాస్త తెరుచుకోగానే ముందు తీసెయ్యొచ్చేమో, పొద్దున్నే అది అడగమంటాను. పని మొదలెట్టే ముందు పెదవి మూలలకి వాజెలిన్ రాయమని కూడా అడగాలి, లేకపోతే లాగుడికి అక్కడ చీలి కొత్త పుండు.

ఈలోగా నురగ తెప్పించే సోడియం లారిల్ సల్ఫేట్ లేని పేస్టు వాడాలి, నురగ తక్కువే వస్తుంది గానీ పూతకి మంట తగ్గొచ్చు. 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ 10 మి.లీ. పుక్కిలించొచ్చు, బ్రష్ చేసిన అరగంటకి.

తీశాక గాజుగుడ్డ అరగంటకి తక్కువ కాకుండా కొరికి పట్టాలి. మొద్దు వదిలేదాకా ఏమీ నమలొద్దు, తెలియకుండా బుగ్గ కొరుక్కుంటుంది. మొదటి 24 గంటలు పుక్కిలింత, ఉమ్మడం, స్ట్రా వద్దు. గుంటలోని రక్తపు గడ్డ ఊడితే మూడోరోజుకల్లా చెవిదాకా పోటు. మర్నాటి నుంచి గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అరచెంచా ఉప్పు. పూతకి మండితే ఉప్పు తగ్గించాలి గానీ పుక్కిలించడం మానకూడదు. మెస్సులో సాంబారు జోలికి పోకుండా పెరుగన్నం, చల్లారిన రాగిజావ. బుగ్గ పుండు మాత్రం పన్ను తీసిన రెండు వారాలకీ మానకపోతే వెంటనే చూపించాలి, దానికి వాయిదా ఒప్పుకోను.