రాసుకుంటూ కదలాలి

మా అబ్బాయికి 12 ఏళ్లు. నేను తెలుగులో అడుగుతాను, వాడు ఇంగ్లీషులో జవాబిస్తాడు. తెలుగులోనే చెప్పమని పట్టుబడితే ఆ కాస్త మాటా ఆగిపోతుంది. అందుకే చాలాకాలంగా బలవంతపెట్టడం మానేశాను. మా పాత మోరిస్ మైనర్ కారుకి ట్యాపెట్లు సరిచేసిన రోజున మాత్రం వాడి తెలుగు దానంతటదే బయటికొచ్చింది.

రాత్రంతా ఆపి ఉంచిన బండి. ఈ పని ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చేయాలి. స్పార్క్ ప్లగ్గులు తీసేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ముందు వైపు నుంచి హ్యాండిల్ దూర్చి తిప్పే పని వాడికిచ్చాను. ట్యాపెట్ కవర్ విప్పితే సిలిండర్లలోకి గాలి రానిచ్చే, పొగ పోనిచ్చే 8 వాల్వులూ వరసగా కనిపించాయి. ఒక్కోదాన్ని నొక్కి తెరిచే చిన్న మీట పేరు రాకర్. ట్యాపెట్లు సరిచేయడమంటే రాకర్‌కీ వాల్వుకీ మధ్య ఉండే సందు సరిచేయడమే.

"అసలు గ్యాప్ ఎందుకు, అమ్మా?" అన్నాడు.

వేడెక్కితే లోహం సాగుతుంది, ఆ సాగుడుకి చోటు వదలాలి అని చెప్పాను. సందు ఎక్కువైతే టకటకమని చప్పుడొస్తుంది. తక్కువైతే చప్పుడే రాదు, కానీ వాల్వు పూర్తిగా మూసుకోదు. మూసుకుని సీటుకి, అంటే కింది అంచుకి, ఆనినప్పుడే దాని వేడి చాలావరకు దిగుతుంది. ఆనకపోతే మెల్లగా కాలిపోతుంది, ముఖ్యంగా పొగ పోనిచ్చే ఎగ్జాస్ట్ వాల్వు. చప్పుడు చేయనిదే ఎక్కువ ప్రమాదమా అని వాడు రెండుసార్లు అడిగాడు.

ఈ ఇంజిన్‌కి ఉండాల్సిన సందు 0.012 అంగుళం, అంటే సుమారు 0.30 మిల్లీమీటర్లు. సందు కొలిచే ఫీలర్ గేజ్‌లోంచి అంతే మందమున్న రేకు వాడి చేతికిచ్చి, "గట్టిగా పట్టేయకూడదు, ఊరికే జారిపోకూడదు. రాసుకుంటూ కదలాలి" అన్నాను.

వాడు ఆగి నా మొహంలోకి చూశాడు. "ఏం రాసుకుంటుంది?"

వాడికి రాయడమంటే పెన్నుతో రాయడమే. రేకుని వాడి రెండు వేళ్ల మధ్య పెట్టి మెల్లగా లాగాను. ఇదీ రాసుకోవడమే అన్నాను. ఇంకోసారి లాగమన్నాడు. తర్వాత తనే లాగి చూసుకున్నాడు. రంగుల పేర్లు, జంతువుల పేర్లు వాడి చేత ఎన్నోసార్లు వల్లె వేయించాను. అవేవీ ఇలా వేళ్లకి పట్టుకోలేదు.

ఈ ఇంజిన్‌కి ఒక సులువైన లెక్కుంది. పూర్తిగా తెరుచుకున్న వాల్వు నంబరూ, సరిచేయాల్సిన వాల్వు నంబరూ కలిపితే 9 రావాలి. ఎనిమిది తెరుచుకుంటే ఒకటి, ఆరు తెరుచుకుంటే మూడు. హ్యాండిల్ తిప్పుతూ వాడే తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. ఏడు దగ్గర కాసేపు తడుముకున్నాడు. నేను అందించలేదు. రెండు, ఏడు అని వాడే పూర్తి చేశాడు.

ఐదు తెరిచి నాలుగు చూస్తున్నప్పుడు, "అమ్మా, ఇది రాసుకోవట్లేదు. దూరట్లేదు" అన్నాడు. నేనూ చూశాను, నిజంగానే బిగుతుగా ఉంది. అది ఎగ్జాస్ట్ వాల్వు. ఇంకొన్నాళ్లు అలాగే తిప్పి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే భయమేసింది. పానాతో లాక్ నట్టు వదులు చేసి, స్క్రూ కొంచెం తిప్పాను. స్క్రూడ్రైవర్‌తో దాన్ని కదలకుండా పట్టుకుని నట్టు బిగించాను. ఎంత పట్టుకున్నా బిగించేటప్పుడు స్క్రూ కాస్త తిరుగుతుంది, అందుకే మళ్లీ కొలవాలి. మొదటిసారి వదులొచ్చింది, రెండోసారి బిగుతొచ్చింది. మూడోసారి రేకు లాగి చూసి, "ఇప్పుడు రాసుకుంటోంది" అన్నాడు.

నాలుగో వాల్వుకీ ఎనిమిదో వాల్వుకీ తప్ప మిగతా ఆరింటికీ స్క్రూ ముట్టుకోవాల్సిన పనే రాలేదు. రాకర్ అరిగి గుంట పడితే రేకు ఆ గుంట మీదుగా ఆని మోసం చేస్తుంది కాబట్టి, టార్చి వేసి వాటన్నిటినీ చూపించాను.

కవర్ బిగించి, ప్లగ్గులు పెట్టి బండి స్టార్ట్ చేశాం. వాడు బానెట్ పక్కన నిలబడి చాలాసేపు విన్నాడు. తర్వాత ఆయిల్ కారుతోందేమోనని కవర్ అంచు చుట్టూ వేలితో తడిమి, ఆ వేలు నాకు చూపించాడు. "తడి లేదమ్మా."