‘నా వల్ల కాదు’ అన్న మాట

పరాయి దేశంలో పెరిగే పిల్లలకు తెలుగంటే ఇంట్లో మేము మాట్లాడేదే. బడిలోనూ వీధిలోనూ వినిపించేది వేరే భాష కనుక, మా నోట తరచుగా వచ్చే మాటలే వాళ్ల తెలుగు అవుతాయి. ఎనిమిదేళ్ల మా అబ్బాయి అక్షరాలు దిద్దుతూ, ‘క్ష’ వంకర పోయేసరికి, ‘‘నా వల్ల కాదు నాన్నా’’ అని కాగితం చింపి ఉండ చుట్టాడు. ఆ విసుగు, చివర్లో ఆ నిట్టూర్పు, రెండూ నావే. సిగరెట్ మానబోయి విఫలమైన ప్రతిసారీ వాడు నా దగ్గర విన్నది అదే మాట.

ఆ ముందురోజు రాత్రే, పదకొండు రోజులు నిగ్రహించుకున్నాక, బాల్కనీలో ఒకటి కాల్చి, ‘ఎలాగూ చెడింది, ఈ పెట్టె అయ్యాక చూద్దాం’ అనుకున్నాను. ఒక్క అక్షరం తప్పితే కాగితమంతా చింపాలా అని వాణ్ణి అడగబోయి ఆగిపోయాను; పెట్టె ఇంకా నా జేబులోనే ఉంది.

ఒక్క తడబాటును తన స్వభావంలోని లోపంగా లెక్కగట్టుకున్నవాడు పూర్తిగా పాత అలవాటులో పడే అవకాశం ఎక్కువని, వ్యసనాలను అధ్యయనం చేసిన అమెరికా మనస్తత్వవేత్త అలన్ మార్లాట్ 1980లలోనే వివరించాడు. ‘నిన్న ఒకటి కాల్చాను’ అన్నది జరిగిన సంగతి, ‘నేనింతే’ అన్నది నా మీద నేనే చెప్పుకున్న తీర్పు. పైగా ఆ తీర్పు చెప్పించేది చాలావరకు శరీరమే: పొగాకుకు బానిసను చేసే నికోటిన్ రక్తంలో సుమారు 2 గంటలకే సగానికి తగ్గుతుంది, మానేసిన మొదటి 2, 3 రోజుల్లో చిరాకు ముదురుతుంది, సాధారణంగా 2 నుంచి 4 వారాల్లో నెమ్మదిస్తుంది. కాల్చాలన్న కోరిక ఒక్కోసారి ఎంత బలంగా వచ్చినా కొన్ని నిమిషాలకు మించి నిలవదు. సంకల్పమున్నవాడికి, సిగరెట్ మానడానికి చర్మం మీద అంటించుకునే నికోటిన్ పట్టీ ఎందుకన్న నా పట్టుదల కూడా (దాన్ని పౌరుషమనుకునేవాణ్ణి) ఆ తీర్పుకు తోబుట్టువే.

మా నాన్న తన బలహీనతల గురించి నాతో ఎన్నడూ మాట్లాడలేదు. నేను మా వాడికి తెలుగులోనే చెప్పాలనుకున్నాను. ‘‘వ్యసనమంటే వసంతం లాంటిదా?’’ అని అడిగాడు. విడమరచి చెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది.

ఇప్పుడు రోజూ ఉదయం నా భుజానికి అంటించిన పట్టీని వాడే అరచేత్తో అదిమి, పది దాకా తెలుగులో లెక్కపెడుతున్నాడు. ఒక్కోసారి ఎనిమిదిని దాటేస్తాడు.