తాతయ్య పడక కుర్చీకి అవిసె నూనె: మూడో వారం

పాత వార్నిష్ గీకి, ఉప్పు కాగితం కొట్టేసరికే రెండు ఆదివారాలు పోయాయి. టేకు బయటపడింది, ఇక నూనె పట్టించాలి. నాయనమ్మ నవ్వింది: "కోనసీమలో ఉంటూ నూనె కొనుక్కొస్తావేంట్రా? కొబ్బరి నూనె రాసెయ్యి." ఆవిడ మాట తీసెయ్యలేక కుర్చీ అడుగున జానెడు మేర రాశాను. ఇరవై రోజులైంది, ఇంకా వేలికి జిడ్డు తగులుతూనే ఉంది. తగలక ఏం చేస్తుంది, అది ఆరే రకం నూనె కాదు. అవిసె నూనెలో దాదాపు సగం లినోలెనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం. అది గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టి పొరగా మారుతుంది. నీళ్లలా ఆవిరైపోదు కాబట్టి ఆరేటప్పుడు బరువు తగ్గకపోగా కాస్త పెరుగుతుంది కూడా.

అమలాపురంలో హార్డ్‌వేర్ షాపుకెళ్లి అవిసె నూనె అంటే అబ్బాయి తెల్లమొహం వేశాడు. లిన్‌సీడ్ అన్నాక డబుల్ బాయిల్డ్ డబ్బా తీశాడు. పేరుకే బాయిల్డ్; ఇప్పుడు ఎక్కువగా త్వరగా ఆరడానికి కోబాల్ట్, మాంగనీస్ లాంటి లోహాల డ్రయ్యర్లు కలిపి అమ్ముతారు. కుర్చీకి అదే నయం. పచ్చి నూనె రాస్తే మన వానాకాలంలో వారాలు పడుతుంది, ఈలోగా బూజు పడుతుంది.

మొదటి కోటింగ్: నూనె, దాన్ని పలచన చేసే టర్పెంటైన్ సగం సగం. పావుగంట ఆగి, చెక్క తాగనిదంతా పొడి గుడ్డతో తుడిచేశాను. బాగా వచ్చింది. రెండోదాంట్లో ఆశపడ్డాను: టర్పెంటైన్ లేకుండా మందంగా పూసి, తుడవకుండా వదిలేశాను. దానికి తోడు ముసురు పట్టింది. నాలుగో రోజుకి తీగపాకంలా సాగుతోంది. చూసుకోకుండా నాయనమ్మ కుర్చీ చేతి మీద పేపర్ పెట్టింది. పీకితే హెడ్‌లైన్ అక్షరాలు తిరగబడి టేకు మీద అచ్చు పడ్డాయి! టర్పెంటైన్‌లో ముంచిన గుడ్డతో గంటన్నర రుద్దితే గానీ వదల్లేదు.

ఆ గుడ్డలే అసలు టెన్షన్. ఉండచుట్టి బకెట్‌లో పడేశాను. సాయంత్రం తీస్తే లోపలి మడత అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా వేడిగా ఉంది. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండలో అది బయటకు పోదు, గుడ్డకి దానంతటదే నిప్పంటుకోవచ్చు. ఇప్పుడు వాడిన ప్రతి గుడ్డనీ పెరట్లో దండెం మీద విడివిడిగా ఆరేస్తున్నా, లేదంటే నీళ్లలో ముంచుతున్నా.

నా ఆయిల్ పెయింటింగ్‌లకు మాత్రం ఈ డబ్బా ముట్టుకోను, రంగు ముదురుతుంది. ఆర్టిస్టుల కోసం శుద్ధి చేసిన నూనె వేరే ఉంటుంది. అదీ చీకట్లో పసుపెక్కుతుంది: బీరువా వెనక పెట్టిన కాలువగట్టు బొమ్మలో కొంగలు వెన్నరంగుకి తిరిగాయి. కిటికీ దగ్గర రెండు వారాలు ఉంచితే చాలావరకు తేరుకున్నాయి. తెలుపుకి ఇకపై స్టాండ్ ఆయిల్ వాడతాను. గాలి తగలకుండా కాచింది, తేనెలా చిక్కగా ఉంటుంది, తక్కువ పసుపెక్కుతుంది. ఆరడం మాత్రం నిదానం.

కుర్చీకి మూడో కోటింగ్ బాకీ. ఈసారి పలచగానే వేస్తాను, అదీ రేపు ఎండ కాస్తేనే. నాయనమ్మ అప్పుడే నవారు గుడ్డ ఉతికి పెట్టేసింది.